90 సెకన్ల స్క్రీన్ టెస్ట్

'తేనె మనసులు' (1965) కోసం ఆదుర్తి సుబ్బారావుగారు కొత్త ముఖాలు కావాలని పత్రికల్లో ప్రకటన వేయిస్తే ఫొటోలు కట్టలుకట్టలుగా వచ్చిపడ్డాయి. ఆ కట్టల్లోంచి తేలినవాడే మన బుర్రిపాలెం కృష్ణ. అంతకు చాలాముందే ఎల్.వి.ప్రసాద్‌గారి కంట్లో పడిన నందమూరి తారక రామారావుగారు 'మనదేశం' (1949)లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా తెర మీదికి వచ్చారు. ముందు మొహం చూపించు, గొంతు వినిపించు, ఆనక చూద్దాం... ఇదీ మన ఫీల్డు పద్ధతి. డిగ్రీ సర్టిఫికెట్టు ఏదీ అని అడిగిన ప్రొడ్యూసర్ని నేనింతవరకూ చూడలేదు. కాలేజీలవాళ్లది దీనికి సరిగ్గా ఎదురు దారి. మార్కుల కాగితం చూపించు, నీ మొహంతో మాకేం పని అనేవారు.

అలాంటి కాలేజీలవాళ్లే ఇప్పుడు స్క్రీన్ టెస్టులు పెడుతున్నారు సుమండీ! ఇక్కడ కాదులెండి, అమెరికాలో. డిగ్రీ మొదటి సంవత్సరంలో సీటు కావాలంటే మార్కులు, 650 మాటల వ్యాసం, టీచర్ల సిఫారసు వుత్తరాలు ఇవన్నీ మామూలే. వాటితోపాటు కొన్నిచోట్ల 'మీ గురించి ఒక చిన్న వీడియో పంపితే చూస్తాం' అని కూడా అడుగుతున్నారు. తప్పనిసరి కాదుట. ఇష్టమైతేనేట.

ఈ 'ఇష్టమైతేనే' అన్న మాట దగ్గరే వుంది తంటా అంతా. పెళ్లి శుభలేఖ మీద 'కానుకలు స్వీకరించబడవు' అని అచ్చు వేయిస్తారు చూశారూ, అయినా మనం కవరు జేబులో పెట్టుకునే వెళతాం. ఇదీ అంతే. పంపకపోతే నష్టం లేదని వాళ్లంటారు. పంపనివాడికి మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టదు.

సినిమావాళ్లకి ఈ సంగతి కొత్తేం కాదు. 2001లో వచ్చిన 'లీగల్లీ బ్లాండ్' చూసినవాళ్లకి గుర్తుండే వుంటుంది. రీస్ విదర్‌స్పూన్ వేసిన ఎల్ అనే పిల్ల హార్వర్డ్ లా కాలేజీకి వ్యాసానికి బదులు వీడియో పంపుతుంది. ఈతకొలనులో, ఈత దుస్తుల్లో! కమిటీలో కూచున్న పెద్దమనుషులు నోళ్లు తెరుచుకుని చూస్తారు. హాల్లో అందరం నవ్వుకున్నాం. ఆ పిల్లకి ప్రవేశ పరీక్షలో 180కి 179 వచ్చాయన్న సంగతి మాత్రం చాలామంది మర్చిపోతారు. వీడియో చూసి సీటిచ్చారనే అందరికీ గుర్తు. మా ఫీల్డులో సక్సెస్ కథలన్నీ ఇలాగే ప్రచారమవుతాయి. పదేళ్ల కష్టం పోయి 'రైల్వే స్టేషన్లో చూసి హీరోని చేశారు' అన్న ముక్కే మిగులుతుంది.

ఆ సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకి అది నిజంగానే జరిగింది. బోస్టన్ పక్కనున్న టఫ్ట్స్ యూనివర్సిటీవాళ్లు ఒక్క నిమిషం వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టి, ఆ లింకు పంపమన్నారు. 2010 నాటి దరఖాస్తుల్లో సుమారు 15,000 మందిలో 1,000 మంది దాకా పంపారు. టఫ్ట్స్ వారి గుర్తు ఏనుగు. ఒక కుర్రాడు ఏనుగు బొమ్మకి మోటారు బిగించి, రిమోటుతో గాల్లోకి ఎగరేసి, దాన్నే వీడియో తీసి పంపాడు. లోకమంతా చూసింది. 2014లో బాల్టిమోర్ దగ్గరున్న గౌచర్ కాలేజీ ఇంకో అడుగు ముందుకేసింది. అసలు మార్కుల జాబితాయే అక్కర్లేదు, రెండు నిమిషాల వీడియో, స్కూల్లో చేసిన రెండు పనులు పంపితే చాలంది. 2018లో షికాగో యూనివర్సిటీ రెండు నిమిషాల పరిచయం పంపొచ్చని ప్రకటించింది. రోడ్ ఐలండ్‌లోని బ్రౌన్ యూనివర్సిటీ పూర్వ విద్యార్థులతో చేయించే ముఖాముఖిని మానేసి 90 సెకన్ల వీడియో పెట్టింది. దరఖాస్తులు వేలకి వేలు పెరిగాయి, అందరినీ కలుసుకుని మాట్లాడ్డానికి పాత విద్యార్థులు చాలలేదు. అదీ కారణం.

అన్నిట్లోకీ గమ్మత్తయినది మెయిన్ రాష్ట్రంలోని బోడిన్ కాలేజీ పద్ధతి. తెర మీద ఏదో ఒక ప్రశ్న పడుతుంది. ఆలోచించుకోడానికి 30 సెకన్లు. జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు. రెండో టేకు లేదు! మన హీరోల్లో ఎంతమంది దీనికి ఒప్పుకుంటారో పాఠకులే చెప్పాలి.

ఇదంతా ఈ శీర్షికలో ఎందుకు అంటారా? మా అక్క కూతురు కిందటేడు ఈ స్క్రీన్ టెస్టుకి దిగింది. తీయించినవాణ్ణి నేనే.

మా బావకి సికింద్రాబాదులో ఓ కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు వుంది. అమెరికా ఫీజులు కట్టే తాహతు మాకెవరికీ లేదు. కాకపోతే అక్కడ కొన్ని కాలేజీలు విదేశీ పిల్లల్ని కూడా డబ్బున్నదా లేదా అని చూడకుండా ఎంపిక చేసి, లోటెంతో అంత తామే భరిస్తాయి. బోడిన్ 2022లో ఈ పద్ధతి ప్రకటించింది. ఆ తర్వాత బ్రౌన్ కూడా ఆ దారి పట్టింది. అలాంటివి లెక్కకి పది పన్నెండుకి మించి లేవు. పోటీ ఎలా వుంటుందో వూహించుకోండి. పిల్ల చదువులో దిట్ట. వ్యాసం తనే రాసుకుంది, బాగా రాసుకుంది. చిక్కల్లా వీడియోతోనే.

ఆ పిల్లకి నత్తి వుంది.

మామూలు నత్తి కాదు. కొన్ని అక్షరాల దగ్గర మాట పూర్తిగా ఆగిపోతుంది. పెదాలు కదుల్తాయి, శబ్దం రాదు. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు సెకన్లు. ఎదుటివాళ్లు ఆ ఖాళీని తామే నింపేస్తారు. స్కూల్లో వైవా అంటే ముందురోజు నుంచీ అన్నం ముట్టేది కాదని మా అక్క చెప్పేది.

దరఖాస్తులు పూర్తి చేయించే కన్సల్టెంటు ఒకాయన దగ్గరికి వెళ్లారు. పేరెందుకు లెండి. ఆయన వీడియోకి వేరే ప్యాకేజీ వుందన్నాడు. వెనకాల పచ్చ తెర, దాని మీద స్కూలు బొమ్మ, డ్రోను షాటు, కంఠతా పట్టడానికి ఇంగ్లీషు స్క్రిప్టు. పిల్ల మాట విన్నాక ఒక్క నిమిషం ఆలోచించి, 'పోనీ గొంతు ఇంకొకళ్ల చేత చెప్పిద్దాం, అమ్మాయి పెదాలు కలిపితే చాలు' అన్నాట్ట!

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. డబ్బింగుని తక్కువచేసి మాట్లాడే మనిషిని కాను నేను. 'భక్త ప్రహ్లాద' (1967)లో ప్రహ్లాదుడిగా మెప్పించిన రోజారమణిగారు ఆ తర్వాత ఎందరు హీరోయిన్లకి గొంతిచ్చారో! గాయని సునీత గొంతు లేని హీరోయిన్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 'ఏ మాయ చేసావే' (2010)లో సమంతకి సగం బలం చిన్మయి గొంతే. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకి వేరే బహుమతి ఇచ్చేవారు కూడా. అది కళ. ప్రేక్షకుడికి తెలిసీ తెలియనట్టు జరిగే ఒప్పందం అది. కాలేజీకి పంపే వీడియోలో ఇంకొకరి గొంతు పెడితే దాన్ని డబ్బింగ్ అనరు.

'మానేద్దాం' అన్నాడు బావ. 'ఎలాగూ ఇష్టమైతేనే అన్నారు కదా. పంపకపోతే వాళ్లకేం తెలుస్తుంది? మార్కులున్నాయి, వ్యాసం వుంది. నా కూతురు మాట కోసం తడుముకోవడం ముక్కూమొహం తెలియనివాళ్లు చూడాలా?'

బావ అన్నదాంట్లో అర్థం లేకపోలేదు. అమెరికాలో వుద్యోగాల దరఖాస్తుకి ఫొటో అంటించొద్దంటారు. మొహం చూసి, రంగు చూసి వివక్ష చూపారని కోర్టుకి వెళతారని అక్కడివాళ్ల భయం. మరి కాలేజీకి వీడియో పంపితే రంగు కనపడదా? యాస వినపడదా? వెనకాల గోడకి పెచ్చులూడిన సున్నం, కట్టుకున్న బట్ట, అన్నీ కనపడతాయి. 'వీడియో తీయడానికి ఫోను చాలు, ముస్తాబులు వద్దు, ఎడిటింగు అక్కర్లేదు' అని కాలేజీలు చెబుతూనే వుంటాయి. అయినా చూసే కళ్లు మనుషులవే కదా! తెర మీద మొహం పడగానే నచ్చడం నచ్చకపోవడం క్షణంలో జరిగిపోతుందని మన ఫీల్డులో ఏ ప్రొడక్షన్ మేనేజర్ని అడిగినా చెబుతాడు. వైకల్యం వున్న పిల్ల మానుకుంటే నేనైతే తప్పు పట్టను.

పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. తండ్రితో ఒకే మాట అంది. ఆ మాట అనడానికి చాలాసేపే పట్టింది. 'అక్కడికెళ్లాక నాలుగేళ్లు నేనే మా... మాట్లాడాలి కదా నాన్నా.'

బావ లేచి షాపుకి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మేమిద్దరం కూచుని స్క్రిప్టు లెక్క వేశాం. ఇంగ్లీషులో తాపీగా మాట్లాడితే నిమిషానికి 130 మాటలు వస్తాయి. అంటే 90 సెకన్లకి దాదాపు 200. ఈ పిల్లకి 110కి మించి పెట్టకూడదనుకున్నాం. 110 మాటల్లో ఏం చెబుతావు అన్నాను. తన గురించి ఏమీ చెప్పనంది. షాపులో జిరాక్స్ మిషను గురించి చెబుతానంది.

ఆరో తరగతి నుంచీ బడి అవగానే షాపులో కూచోవడం అలవాటు దానికి. వానాకాలం రాగానే మిషన్లో కాగితం మాటిమాటికీ ఇరుక్కుంటుందని గమనించింది. చెమ్మకి కాగితాలు వంకర తిరిగి, ఒకదానికొకటి అంటుకుని రెండేసి లోపలికి పోతాయి. ఓ నోటుబుక్కు పెట్టి రోజూ ఎన్నిసార్లు ఇరుక్కుందో రాసింది. మర్నాటి సంవత్సరం కాగితాల బీరువాలో 40 వాట్ల బల్బు వెలిగించి పెట్టింది. జూలై నెలలో 41 సార్లు ఇరుక్కున్నది 12 సార్లకి దిగింది. నోటుబుక్కు నాకు చూపించింది. చక్కటి కథ! హీరో వున్నాడు, విలన్ వాన, క్లైమాక్సులో బల్బు.

ఇక్కడే నాలోని సినిమా పురుగు లేచింది. 'ఇరుక్కున్న కాగితంలాగే నా మాట కూడా అని చివర్లో ఒక్క డైలాగు పెట్టు, కళ్లనీళ్లు తిరగాలి' అన్నాను.

'వద్దు మామయ్యా' అంది నిదానంగా. 'అది చెబితే సె... సెంటిమెంటు సీను అయిపోతుంది. వాళ్లు నన్ను చూసి జాలిపడతారు. బల్బుని మర్చిపోతారు.'

పదిహేడేళ్ల పిల్లకి వున్న ఈ విచక్షణ మన రచయితల్లో కొందరికి వుంటే ఎన్ని రెండో సగాలు బతికిపోయేవో!

షూటింగు ఒక ఆదివారం, షాపు మూసివున్నప్పుడు. కృష్ణానగర్‌లో వుండే కెమెరా అసిస్టెంటు మిత్రుడొకడు వస్తూ వస్తూ రెండు లైట్లు మోసుకొచ్చాడు. వద్దన్నాం. షట్టరు సగం ఎత్తితే ముందునుంచి వెలుగు మొహం మీద పడింది, అది చాలు. ఫోనుని కంటి ఎత్తున, అడ్డంగా, కాగితం రీముల మీద నిలబెట్టాం. అన్నట్టు ఇలాంటి వీడియో తీసుకోబోయే పిల్లలకి ఒక్క ముక్క. బొమ్మ కొంచెం మసకగా వున్నా చూసేవాడు సర్దుకుంటాడు, మాట వినపడకపోతే మాత్రం సర్దుకోడు. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ ఆపండి. గోడకి బొంత వేలాడదీస్తే గది గంగాళంలా మోగదు. కిటికీకి వీపు పెట్టి కూచోకండి, మొహం నల్లబడిపోతుంది. కాగితం చూసి చదవకండి, కళ్లు పట్టిస్తాయి.

మేం ఫ్యాను ఆపాం గానీ వీధిని ఆపలేకపోయాం. రెండో టేకులో పాత ఇనుప సామాన్లు కొంటామనే ఆటో వచ్చింది. ఆ రికార్డు గొంతు తగులుకుంటే చివరిదాకా వదలదు కదా. అయిదో టేకులో ఎదురింటి కుక్కరు మూడు విజిల్స్ వేసింది.

తొమ్మిదో టేకు బాగా నడిచింది. 'జిరాక్స్' అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ 'జ' ఆ పిల్లకి ఆజన్మ శత్రువు. 'ఫొటోకాపీ' అను, అది తేలిగ్గా వస్తుంది కదా అన్నాడు మిత్రుడు. నత్తి వున్నవాళ్లు జీవితమంతా చేసేది అదే, కష్టమైన మాటకి పక్కనున్న మాట వెతుక్కోవడం. పిల్ల తల అడ్డంగా వూపింది. 'షాపు బోర్డు మీద జిరాక్స్ అనే వుంది' అంది.

పద్నాలుగో టేకులో మళ్లీ అక్కడే ఆగింది. ఫోనులో లెక్క చూస్తే సరిగ్గా నాలుగు సెకన్లు. సినిమా లెక్కలో 96 ఫ్రేములు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. కళ్లు మాత్రం కెమెరా మీంచి పక్కకి పోలేదు. ఆ తర్వాత మాట వచ్చింది, మిగతాదంతా వరసగా వచ్చేసింది. మిషను పక్కతలుపు తెరిచి, ఇరుక్కున్న కాగితం చిరగకుండా లాగి చూపించి, నోటుబుక్కు ఎత్తి పట్టుకుంది. మొత్తం 88 సెకన్లు.

ఆ నాలుగు సెకన్లు కత్తిరించేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. చిటికెలో అయ్యే పని. మిషను క్లోజప్ ఒకటి మధ్యలో వేస్తే అతుకు కూడా తెలియదు. బావ కత్తిరించమన్నాడు. అక్క ఏమీ అనలేదు. మిత్రుడు మాత్రం 'సార్, ఫిల్ములో ఇంత మంచి పాజ్ ఏ హీరో ఇచ్చాడు' అన్నాడు. వాడికన్నీ షాట్లే!

నాకు 'ది కింగ్స్ స్పీచ్' (2010) గుర్తొచ్చింది. ఇంగ్లండు రాజు ఆరో జార్జి నత్తి కథ. కోలిన్ ఫర్త్ నాలుక తడబడుతూంటే హాలంతా వూపిరి బిగబట్టి కూచుంటుంది. దాన్ని రాసిన డేవిడ్ సైడ్లర్ చిన్నతనంలో నత్తితో బాధపడ్డవాడే, ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కారు అందుకున్నాడు. మన సినిమాల్లో నత్తివాడంటే ఇన్నేళ్లుగా చేస్తున్నదేమిటి? వాడు రాగానే వెనక ఒక వెకిలి సంగీతం, ఎదురుగా కమెడియన్ చెంపదెబ్బ, ప్రేక్షకుల నవ్వు. ఆ నవ్వులు స్కూలు వరండాలో ఈ పిల్ల వెనక వినపడ్డాయని నాకు బాగా తెలుసు. హృతిక్ రోషన్ అంతటివాడు చిన్నప్పుడు తనకి నత్తి వుండేదని బాహాటంగా చెప్పుకున్నా మనవాళ్ల కామెడీ ట్రాకులు మారలేదు. రచయితలకి నా మనవి ఒకటే. నవ్వించడానికి ఇంకేదైనా వెతుక్కోండి బాబూ.

కత్తెర వేయాలా వద్దా అన్నది పిల్లకే వదిలేశాం. అది రెండుసార్లు చూసుకుంది. 'వుండనివ్వండి, నిజంగా అంతే సేపు పడుతుంది' అంది. ఆ రాత్రి పదకొండున్నరకి, ఇంటర్నెట్టు రెండుసార్లు తెగిపోయాక, మూడు కాలేజీలకి అదే వీడియో వెళ్లింది.

మార్చి నెలాఖరుకి జవాబులు వచ్చాయి. రెండు కాలేజీలు మర్యాదగా కాదన్నాయి. ఒకటి రమ్మంది, ఫీజులో చాలాభాగం తనే భరిస్తానంది. ఏ కాలేజీయో రాయొద్దని పిల్ల ఆంక్ష. వీడియో చూసి ఇచ్చారా, వ్యాసం చూసి ఇచ్చారా, అసలు ఆ వీడియో ఎవరైనా చూశారా... వుత్తరంలో ఒక్క ముక్క లేదు. కాదన్న రెండు కాలేజీలు ఆ నాలుగు సెకన్ల వల్ల కాదన్నాయేమో కూడా ఎవరికీ తెలియదు. అక్క అప్పుడప్పుడూ దాని గురించే ఆలోచిస్తుంది. పిల్ల ఆలోచించడం లేదు, చలి కోటు ఎక్కడ చవకగా దొరుకుతుందో వెతుకుతోంది.

బావ మాత్రం సీటు వచ్చింది తన షాపు వల్లేనని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. వీడియోలో షాపు బోర్డు సగమే కనపడింది, పూర్తిగా చూపించి వుంటే మిగతా రెండూ కూడా వచ్చేవని నా మీద ఇప్పటికీ గుర్రు.